ఇంగ్లండ్‌లో సొలిసిటర్ కావాలంటే ఏ లా డిగ్రీ చదవాలి?

మీరు అడిగింది ఇదీ: ఇంటర్ ఎంఈసీ రెండో ఏడాదిలో ఉన్నారు, ఇంగ్లండ్‌లో సొలిసిటర్ అవ్వాలని ఉంది. కన్సల్టెన్సీ వాళ్లు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, ఫౌండేషన్ ఇయర్‌తో ఎల్‌ఎల్‌బీ, క్రిమినాలజీ కలిపిన లా, నాలుగేళ్ల ఎంలా అని నాలుగు బ్రోచర్లు చేతిలో పెట్టారు. మీ మేనమామగారేమో ఇక్కడే ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీ చేసి, అక్కడ ఏడాది ఎల్‌ఎల్‌ఎం చేస్తే చాలు అంటున్నారు. వీటిలో ఏది సరైనది?

సూటిగా చెప్తాను. మీ మేనమామగారి మాటలో మొదటి సగం మంచిది, రెండో సగం తప్పు. అప్పు చేసి వెళ్లాల్సిన కుటుంబమైతే, అక్కడ స్థిరనివాస హక్కు లేకపోతే, ఇక్కడే ఐదేళ్ల లా చేసి, బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యి, ఆ అర్హతతో అక్కడ సొలిసిటర్ కావడానికి పెట్టే ఎస్‌క్యూఈ పరీక్షలు రాయడమే మీకు సరిపోయే దారి. ఎల్‌ఎల్‌ఎం తప్పనిసరి కాదు. ఎల్‌ఎల్‌ఎం ఒక్కటే చేసినంత మాత్రాన ఎవరూ సొలిసిటర్ కారు. మూడేళ్ల యూకే ఎల్‌ఎల్‌బీ చెడ్డ డిగ్రీ ఏమీ కాదు గానీ, అది ఎవరికి పనికొస్తుందో చూసి తీసుకోవాల్సిన డిగ్రీ.

ముందు మాట విషయం తేల్చుకుందాం, ఎందుకంటే సగం గందరగోళం అక్కడే ఉంది. మన దగ్గర ప్లీడరు, వకీలు, అడ్వకేటు అన్నీ ఒకే మనిషి. క్లయింటుతో మాట్లాడేదీ, దస్తావేజు రాసేదీ, కోర్టులో నిలబడి వాదించేదీ ఆయనే. ఇంగ్లండ్‌లో ఆ పని రెండు వృత్తులుగా చీలి ఉంది. క్లయింటు మొదట వెళ్లేది సొలిసిటర్ దగ్గరికి. ఇళ్ల కొనుగోళ్లు, వీలునామాలు, కంపెనీల ఒప్పందాలు, కేసు తయారీ ఆయన పని. పై కోర్టుల్లో వాదన ప్రధానంగా బారిస్టర్ పని. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ఉన్న టంగుటూరి ప్రకాశం 1904లో ఇంగ్లండ్ వెళ్లి చదివి వచ్చింది బారిస్టర్ చదువు. సొలిసిటర్ చదువు కాదు. మన ఇళ్లలో ‘లండన్ లా’ అనగానే ఆ పాత బారిస్టర్ బొమ్మే మనసులో మెదులుతుంది. ఈ రెండు వృత్తులకూ నియంత్రణ సంస్థలు వేరు, పరీక్షలు వేరు, డిగ్రీ నిబంధనలు కూడా వేరు.

భారతదేశంలో సొలిసిటర్ అనే ప్రత్యేక వృత్తి బొంబాయి, కలకత్తా హైకోర్టుల పరిధిలో ఉండేది. 1976 సవరణతో చట్టంలో ఆ తేడా పోయింది. ముంబైలో మాత్రం బాంబే ఇన్‌కార్పొరేటెడ్ లా సొసైటీ ఇప్పటికీ సొలిసిటర్ పరీక్ష పెడుతోంది. అక్కడి ఫర్మ్‌లలో దానికి విలువ ఉంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ప్రాక్టీసు చేయడానికి దాని అవసరం లేదు. ఇక సొలిసిటర్ జనరల్ అంటే కేంద్ర ప్రభుత్వ న్యాయాధికారి పదవి, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇప్పుడు ఇంగ్లండ్, వేల్స్‌లో నియమం ఏమిటో చూద్దాం. 2021 సెప్టెంబరు 1 నుంచి అక్కడ సొలిసిటర్ కావడానికి నాలుగు కావాలి. ఒకటి, ఏదో ఒక డిగ్రీ, లేదా దానికి సమానమైన అర్హత. లా డిగ్రీయే కావాలని లేదు. రెండు, ఎస్‌క్యూఈ1, ఎస్‌క్యూఈ2 అనే రెండు పరీక్షలు. మూడు, రెండేళ్ల క్వాలిఫయింగ్ వర్క్ ఎక్స్‌పీరియన్స్, అంటే గుర్తింపు పొందిన న్యాయ పని అనుభవం. నాలుగు, నడవడిక పరిశీలన. దీన్ని చూసేది సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ, అందరూ ఎస్‌ఆర్‌ఏ అంటారు. నెట్‌లో ఎల్‌పీసీ (లీగల్ ప్రాక్టీస్ కోర్సు) చేయాలి, ట్రైనింగ్ కాంట్రాక్టు (ఫర్మ్‌లో శిక్షణ ఒప్పందం) లేకపోతే దారే లేదు అని చెప్పే వ్యాసాలు ఇంకా చాలా తిరుగుతున్నాయి. అది పాత పద్ధతి. ఇప్పుడు చదువు మొదలుపెట్టేవాళ్లకు వర్తించదు.

అంటే మీరు బీకాం చేసినా, బీటెక్ చేసినా చట్టప్రకారం మొదటి షరతు తీరుతుంది. మరి లా డిగ్రీ ఎందుకు? ఎస్‌క్యూఈ1లో అడిగేదంతా ఇంగ్లండ్ చట్టం కాబట్టి. అది ఎక్కడో ఒకచోట నేర్చుకోక తప్పదు. డిగ్రీలో నేర్చుకుంటారా, తర్వాత విడిగా నేర్చుకుంటారా అన్నదే తేడా.

మీకు చూపించిన బ్రోచర్ల సంగతికి వద్దాం.

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఆనర్స్. ఇది అసలు సరుకు. కాంట్రాక్టు, టార్ట్ (ఇతరులకు చేసిన హానికి పరిహారం చెప్పే చట్టం), క్రిమినల్, రాజ్యాంగ పరిపాలనా చట్టం, భూమి చట్టం, ఈక్విటీ అండ్ ట్రస్ట్స్, యూరోపియన్ యూనియన్ చట్టం అనే ఏడు పునాది సబ్జెక్టులు ఇందులో ఉన్నాయో లేదో చూసుకోవాలి. సొలిసిటర్ కావడానికి ఈ ఏడూ నిబంధనగా లేవు. బారిస్టర్ దారి కూడా తెరిచి ఉంచుకోవాలంటే మాత్రం ఇవన్నీ ఉన్న లా డిగ్రీ కావాలి, కనీసం లోయర్ సెకండ్ క్లాస్ ఉండాలి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ మొదటి లా డిగ్రీకి ఇచ్చేది బీఏ, ఎల్‌ఎల్‌బీ కాదు. కాబట్టి పట్టా మీద ఏ అక్షరాలు ఉన్నాయన్నది చూడకండి, లోపల ఏ సబ్జెక్టులు ఉన్నాయన్నది చూడండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లతో పాటు యూసీఎల్, కింగ్స్, ఎల్‌ఎస్‌ఈ, డరమ్, బ్రిస్టల్ లాంటివి ఎల్‌నాట్ అనే ప్రవేశ పరీక్ష అడుగుతాయి. 95 నిమిషాల్లో 42 ప్రశ్నలు, ఆ తర్వాత 40 నిమిషాల వ్యాసం. అందులో చట్టం అడగరు, చదివినదాన్ని అర్థం చేసుకునే శక్తిని చూస్తారు. ఇంటర్ బిట్ పేపర్ల అలవాటుతో వెళ్తే వ్యాసం దగ్గర ఇబ్బంది పడతారు.

ఫౌండేషన్ ఇయర్‌తో నాలుగేళ్లు. మీ ఇంటర్ మార్కులను యూనివర్సిటీ నేరుగా ఒప్పుకోనప్పుడే ఇది. సీబీఎస్‌ఈకి ఒక శాతం, రాష్ట్ర బోర్డులకు ఇంకొంచెం ఎక్కువ శాతం అడిగే యూనివర్సిటీలు ఉన్నాయి. ప్రతి యూనివర్సిటీ తన పేజీలో భారతదేశానికి విడిగా రాస్తుంది, అది మీరే చదవండి. నేరుగా సీటు వచ్చే మార్కులు ఉన్నవాళ్లకు కూడా ఫౌండేషన్ అంటగట్టడం కద్దు. ఒక ఏడాది ఫీజు, ఒక ఏడాది ఇంటి అద్దె దండగ.

లా విత్ క్రిమినాలజీ, లా విత్ బిజినెస్. ఇక్కడ ‘విత్’, ‘అండ్’ అనే రెండు చిన్న మాటలు గమనించాలి. ‘లా విత్ ఫలానా’ అంటే ఎక్కువ పాలు లా, తక్కువ పాలు రెండో సబ్జెక్టు. ‘అండ్’ అంటే చాలాచోట్ల సగం సగం. సగం సగం కోర్సుల్లో భూమి చట్టమో, ట్రస్ట్సో ఐచ్ఛికంగా మిగిలిపోతుంది. ఆ రెండూ ఎస్‌క్యూఈ1 రెండో పేపరులో బరువైనవి, బయట సొంతంగా చదవడానికి కష్టమైనవి. క్రిమినాలజీ అంటే నేరాల మీద సామాజిక అధ్యయనం, దాంతో క్రిమినల్ లాయర్‌గా ఏదో అదనపు అర్హత వస్తుందనుకోవడం పొరపాటు.

ఎంలా, లేదా ఎల్‌ఎల్‌బీలో ఎస్‌క్యూఈ కోచింగ్ కలిపినవి. నాలుగేళ్లు, చివర మాస్టర్స్ స్థాయి. అక్కడి పిల్లలు దీన్ని తీసుకోవడానికి ఒక లెక్క ఉంది: నాలుగో ఏడాది కూడా ప్రభుత్వ విద్యారుణం కిందకు వస్తుంది. ఆ రుణం మీకు రాదు, మీరు కట్టేది పూర్తి అంతర్జాతీయ ఫీజు. అదే కోచింగ్ విడిగా కొనుక్కుంటే చాలా తక్కువలో అయిపోతుంది. పైగా మొదటి రెండేళ్లలో చెప్పిన ఎస్‌క్యూఈ సబ్జెక్టులు పరీక్ష నాటికి గుర్తుండవు, ఎలాగూ మళ్లీ చదవాలి. మీ పరిస్థితిలో నేనైతే దీన్ని పక్కన పెడతాను.

బ్రోచర్లలో లేనిది ఒకటుంది, ప్లేస్‌మెంట్ ఇయర్‌తో ఎల్‌ఎల్‌బీ. యూకేలోనే చదవాలని నిర్ణయమైపోతే నా ఓటు దీనికే. మూడో ఏడాది ఏదైనా లా ఫర్మ్‌లోనో, కంపెనీ లీగల్ విభాగంలోనో పని చేస్తారు, అది కోర్సులో భాగం కాబట్టి స్టూడెంట్ వీసా ఒప్పుకుంటుంది. చేసింది నిజంగా న్యాయ సేవల పని అయ్యి, ఒక సొలిసిటర్ ధ్రువీకరిస్తే ఆ కాలం రెండేళ్ల అనుభవంలో జమ అవుతుంది. ఒక జాగ్రత్త: ప్లేస్‌మెంట్ వెతుక్కోవాల్సింది చాలాచోట్ల విద్యార్థే. దొరక్కపోతే మామూలు మూడేళ్ల కోర్సులోకి మార్చేస్తారు.

స్కాట్లాండ్ విషయంలో మోసపోకండి. ఎడిన్‌బరో, గ్లాస్గో పేరున్న యూనివర్సిటీలే. కానీ స్కాట్లాండ్ న్యాయ వ్యవస్థ వేరు, అక్కడి ఎల్‌ఎల్‌బీ మామూలుగా నాలుగేళ్లు, చెప్పేది స్కాట్స్ లా. అక్కడ సొలిసిటర్ కావడానికి వేరే డిప్లొమా, ట్రైనీషిప్ ఉన్నాయి, నియంత్రించేది స్కాట్లాండ్ లా సొసైటీ. ఉత్తర ఐర్లండ్ కూడా విడి వ్యవస్థే. యూకే అంతా ఒకటే కదా అని సీటు తీసుకుని, రెండో ఏడాదిలో లండన్ ఫర్మ్‌లకు దరఖాస్తు పెట్టేటప్పుడు తెలుసుకునేవాళ్లు ఉన్నారు. దారి పూర్తిగా మూసుకుపోదు, ఎస్‌క్యూఈకి ఏ డిగ్రీ అయినా చాలు కాబట్టి. కానీ ఇంగ్లండ్ భూమి చట్టం, ట్రస్ట్స్ మొదటి అక్షరం నుంచీ దిద్దుకోవాలి.

యూకే ఎల్‌ఎల్‌బీ గురించి ఎవరూ ముందుగా చెప్పని విషయం ఇంకోటి, తిరిగొస్తే ఏమవుతుందన్నది. మన బార్ కౌన్సిల్ లెక్కలో లాయర్ కావాలంటే ఇంటర్ తర్వాత ఐదేళ్ల సమీకృత లా అయినా ఉండాలి, డిగ్రీ తర్వాత మూడేళ్ల లా అయినా ఉండాలి. ఇంటర్ తర్వాత నేరుగా చేసిన మూడేళ్ల విదేశీ ఎల్‌ఎల్‌బీ ఈ రెండింటిలో దేనికీ సరిపోదు. యూనివర్సిటీ గుర్తింపు జాబితాలో ఉన్నా సరే, పైన బ్రిడ్జ్ కోర్సు, ఆ తర్వాత విదేశీ లా డిగ్రీ ఉన్న భారతీయులకు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పెట్టే క్వాలిఫయింగ్ పరీక్ష, ఆపైన అందరూ రాసే ఆల్ ఇండియా బార్ పరీక్ష ఉంటాయి. అక్కడ సొలిసిటర్ అయిపోయి వచ్చినా ఇక్కడి కోర్టులో వకాలత్ వేయలేరు. యూనివర్సిటీ ఆఫ్ లండన్ దూరవిద్య ఎల్‌ఎల్‌బీ ఇంటి నుంచే చేయొచ్చు, ఎస్‌క్యూఈకి పనికొస్తుంది, ఖర్చు కూడా తక్కువే. కానీ దూరవిద్య లా డిగ్రీని మన బార్ కౌన్సిల్ ఒప్పుకోదు. కుటుంబంలో ఎవరికైనా ఆరోగ్యం బాగోలేక తిరిగి రావాల్సి వచ్చిందనుకోండి, అప్పుడు చేతిలో ఉన్న పట్టాతో ఇక్కడ బతకగలరా అన్నది ఇప్పుడే ఆలోచించుకోవాలి.

ఇక నేను మొదట చెప్పిన దారి, కాస్త వివరంగా.

రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష లాసెట్‌తో ఐదేళ్ల కోర్సులో చేరడానికి జనరల్ వాళ్లకు ఇంటర్‌లో 45 శాతం ఉండాలి. పరీక్ష 90 నిమిషాలు, 120 ప్రశ్నలు. అందులో 60 లా ఆప్టిట్యూడ్, మిగతావి జీకే, వర్తమాన విషయాలు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు చాలు. మంచి కాలేజీ కావాలంటే ర్యాంకు రావాలి, అది వేరే మాట. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్ రాసి హైదరాబాద్ నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం లాంటి చోట సీటు తెచ్చుకుంటే ఇంకా మంచిది. పెద్ద ఫర్మ్‌ల ఇంటర్న్‌షిప్‌లు ముందుగా చేరేది ఇలాంటి కాలేజీలకే. క్లాట్ డిసెంబరులో జరుగుతోంది, దరఖాస్తు అంతకు ముందే ముగుస్తుంది. ఇంటర్ పరీక్షలయ్యాక చూద్దాం అనుకుంటే ఆ ఏడాది పోయినట్టే.

బీఏ, బీబీఏ, బీకాం ఎల్‌ఎల్‌బీలలో ఏదైనా వృత్తి హక్కు ఒకటే. ఎంఈసీ చదివినవారు కాబట్టి బీకాం లేదా బీబీఏ ఎల్‌ఎల్‌బీ మీకు తేలిక. సొలిసిటర్స్ అకౌంట్స్ (క్లయింట్ల డబ్బు లెక్కల నియమాలు), బిజినెస్ లా చదివేటప్పుడు లెక్కల అలవాటు పనికొస్తుంది. కాలేజీకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి మీరు చదివే సంవత్సరాలన్నిటికీ ఉందో లేదో మాత్రం తప్పక చూడండి. అనుమతి లేని ఏడాది చేరితే ఎన్‌రోల్‌మెంట్ దగ్గర ఫైలు ఆగుతుంది.

డిగ్రీ చేతికొచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ కావాలి. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వాళ్లకు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు మించకూడదని సుప్రీంకోర్టు 2024లో తేల్చి చెప్పింది. ఆపైన ఆల్ ఇండియా బార్ పరీక్ష. ఇది కూడా పూర్తి చేసుకోండి. చాలామంది ఎన్‌రోల్‌మెంట్ నంబరు రాగానే అంతా అయిపోయిందనుకుంటారు. ఇంగ్లండ్‌లో మీరు చూపాల్సింది కేవలం లా పట్టా కాదు, మీ దేశంలో మీరు అర్హత పొందిన న్యాయవాది అన్న ధ్రువపత్రం, మీ మీద ఆరోపణలేమీ లేవని బార్ కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్.

ఇంత శ్రమ ఎందుకంటే, మరో దేశంలో అర్హత పొందిన న్యాయవాదికి ఎస్‌ఆర్‌ఏ రెండేళ్ల పని అనుభవం షరతు పెట్టదు. నా సలహా అంతా నిలబడేది దీని మీదే. వీసా లెక్కతో కలిపి చూడండి. యూకేలో డిగ్రీ చేసినవాళ్లకు చదువు తర్వాత ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ ఇదివరకు రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకు అది 18 నెలలే. కావాల్సిన అనుభవం 24 నెలలు. మీరు ఇప్పుడు చేరితే పడేది ఆ 18 నెలల లెక్కలోనే. లోటు ఆరు నెలలు చదువుకుంటూనే సంపాదించాలి, లేదా వర్క్ వీసా ఇప్పించే యజమానిని పట్టుకోవాలి. 2025 జూలై నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ వేతన పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా వృత్తిలోకి వచ్చేవాళ్లకు కొంత తగ్గింపు ఉంది. లండన్ పెద్ద ఫర్మ్‌లకు అదొక సమస్య కాదు, ట్రైనీలకు వాళ్లు వీసా ఇప్పిస్తారు. కానీ ఆ సీట్లకు పోటీ విపరీతం, పెద్ద ఫర్మ్‌లు రెండేళ్ల ముందే ఎంపిక చేసుకుంటాయి, సాధారణంగా అప్పర్ సెకండ్ క్లాస్ అడుగుతాయి. మిగిలినవి చిన్న ఊళ్లలోని హై స్ట్రీట్ ఫర్మ్‌లు (స్థానిక చిన్న ఆఫీసులు), పారాలీగల్ (న్యాయ సహాయక) ఉద్యోగాలు. వాటిలో వీసా స్పాన్సర్‌షిప్ దొరకడం చాలా కష్టం. ఎల్‌ఎల్‌బీ చేసిన మన పిల్లలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. పరీక్ష పాసై కూడా అనుభవం నిండక ఆగిపోతారు.

నిజానికి ఆ అనుభవం ఇంగ్లండ్‌లోనే చేయాలని లేదు. నాలుగు సంస్థల వరకు కలిపి చూపొచ్చు, జీతం లేకపోయినా ఒప్పుకుంటారు, విదేశంలో చేసిందైనా పర్వాలేదు. కాకపోతే ధ్రువీకరించేది ఇంగ్లండ్, వేల్స్ సొలిసిటర్ అయి ఉండాలి, మీ పనిని ఆయన చూసి ఉండాలి. హైదరాబాద్‌లోని మామూలు ఆఫీసులో అలాంటి మనిషి ఉండరు. అంతర్జాతీయ కంపెనీల లీగల్ విభాగాల్లో ఉండొచ్చు.

పరీక్షల గురించి. ఎస్‌క్యూఈ1లో రెండు పేపర్లు, ఒక్కోదానిలో 180 ప్రశ్నలు, మొత్తం 360. ఐదు జవాబుల్లో అన్నిటికన్నా సరైనది ఎంచుకోవాలి. 90 ప్రశ్నలకు 153 నిమిషాలు, అంటే ప్రశ్నకు 1.7 నిమిషాలు. నెగెటివ్ మార్కులు లేవు. తేలిగ్గా కనిపిస్తుంది గానీ 2021 నవంబరులో మొదటిసారి పెట్టినప్పుడు గట్టెక్కింది 53 శాతం మందే. ఎస్‌క్యూఈ2లో 16 పనులు చేసి చూపాలి: 12 రాతవి, 4 మౌఖికం. క్లయింటుతో మాట్లాడటం, వాదన, దస్తావేజు ముసాయిదా, పరిశోధన అన్నీ ఉంటాయి. ఎస్‌క్యూఈ1 ఇతర దేశాల్లోని పియర్సన్ వ్యూ అనే సంస్థ పరీక్షా కేంద్రాల్లోనూ రాయొచ్చు. ఎస్‌క్యూఈ2 మౌఖిక భాగానికి మాత్రం అక్కడికి వెళ్లక తప్పదు. రెండు పరీక్షల ఫీజు కలిపి దాదాపు 5 వేల పౌండ్లు. కోచింగ్ ఖర్చు దీనికి అదనం. ఏ పరీక్షకైనా మూడు ప్రయత్నాలే, అవీ ఆరేళ్లలోపు. సరదాగా ఒకసారి రాసి చూద్దాం అన్న మాట ఇక్కడ పనికిరాదు.

అనుభవం ఉన్న విదేశీ న్యాయవాదులు ఎస్‌క్యూఈ2 నుంచి మినహాయింపు అడగొచ్చు. సాధారణంగా రెండేళ్ల వృత్తి అనుభవం చూపాలి, ఎవరి దరఖాస్తును వారిదిగా పరిశీలిస్తారు. కాబట్టి ఎన్‌రోల్ అయిన వెంటనే ఎగిరిపోవడం కన్నా రెండు మూడేళ్లు ఒక మంచి సీనియర్ దగ్గరో, ఫర్మ్‌లోనో పని చేయడం లాభం. ఏయే కేసుల్లో, ఏయే ఒప్పందాల్లో మీరు ఏం చేశారో నెలనెలా రాసి పెట్టుకోండి. తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే ఆ బలం ఉండదు. కంపెనీలో పూర్తికాలపు జీతం ఉద్యోగంలో చేరితే మన నిబంధనల ప్రకారం సనదు (న్యాయవాది లైసెన్సు) సస్పెండ్ చేయించుకోవాల్సి ఉంటుందని మరచిపోవద్దు. గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ అడిగే నాటికి ఆ కాగితాలు సక్రమంగా ఉండాలి.

మన లా చదివినవాళ్లు ఎస్‌క్యూఈ1లో ఎక్కడ దెబ్బతింటారంటే, తెలియనిచోట కాదు, తెలుసు అనుకున్నచోట. కాంట్రాక్టు చట్టం చూడండి. మన 1872 చట్టం ప్రకారం ప్రతిఫలం, అంటే ఇచ్చిన మాటకు బదులుగా దక్కేది, మూడో మనిషి ఇచ్చినా చెల్లుతుంది, గతంలో చేసిన పని కూడా ప్రతిఫలమే. ఇంగ్లండ్‌లో ప్రతిఫలం మాట పుచ్చుకున్నవాడి నుంచే రావాలి, గతంలో చేసింది సాధారణంగా చెల్లదు. మైనర్‌తో ఒప్పందం మన దగ్గర మొదటి నుంచీ చెల్లనిది, 1903 నాటి మొహరీ బీబీ కేసు ప్రతి లా విద్యార్థికీ నోటికి వచ్చు. ఇంగ్లండ్‌లో అలా కాదు, మైనర్ తాను కోరుకుంటే తప్పుకోగలిగే ఒప్పందాలు, నిత్యావసరాల విషయంలో అతన్ని కట్టిపడేసేవి అని తేడాలున్నాయి. భూమి దగ్గర ఇంకా పెద్ద తేడా. మన ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం అమ్మకపు అగ్రిమెంటు ఒక్కటే ఆస్తిలో ఏ హక్కూ పుట్టించదు. ఇంగ్లండ్‌లో అదే అగ్రిమెంటుతో కొనేవాడికి ఈక్విటీ హక్కు పుడుతుంది, దాన్ని రిజిస్టరులో నమోదు చేసి కాపాడుకోవాలి. చట్టపరమైన యజమాని ఒకరు, లబ్ధి యజమాని మరొకరు అన్న ఆలోచన మన చదువులో లోతుగా తగలదు, అక్కడ సగం పేపరు దాని మీదే నడుస్తుంది. అందుకే ట్రస్ట్స్, భూమి, ప్రొబేట్ (చనిపోయినవారి ఆస్తి పంపకం), సొలిసిటర్స్ అకౌంట్స్‌కు ఎక్కువ సమయం కేటాయించాలి. కాంట్రాక్టు వచ్చు కదా అని వదిలేయకూడదు.

మరి ఎల్‌ఎల్‌ఎం? మామూలు ఎల్‌ఎల్‌ఎం ఏడాది చదువు, ఒక రంగంలో లోతు వస్తుంది, అక్కడ కొన్ని నెలలు ఉండే వీలు వస్తుంది. లైసెన్సు మాత్రం రాదు. ఇంటర్నేషనల్ హ్యూమన్ రైట్స్‌లో ఎల్‌ఎల్‌ఎం చేసినవారికి ఎస్‌క్యూఈ1లో కలిసొచ్చే సబ్జెక్టు దాదాపు ఉండదు. ఎస్‌క్యూఈ కలిపిన ఎల్‌ఎల్‌ఎం అని ఇంకో రకం ఉంది, అందులో చెప్పేది పరీక్షకు కావాల్సిందే. ఎంలా గురించి చెప్పిన ఖర్చు లెక్క దీనికీ వర్తిస్తుంది, కాకపోతే దీనికి ఒక ఏడాదే. ఎల్‌ఎల్‌ఎం చేయాలనే ఉంటే ఇక్కడ ఎన్‌రోల్ అయ్యాక, బార్ పరీక్ష పాసయ్యాక వెళ్లండి. వరస తప్పితే ఆ కొద్ది నెలల వీసా కాలం ఇక్కడి కాగితాల కోసం తిరగడంతోనే అయిపోతుంది. పీజీడీఎల్ అనే ఏడాది కోర్సు లా చదవని పట్టభద్రులకు, అది మీకు అక్కర్లేదు. బీటెక్ చేసి ఇటు మళ్లుతున్న అన్నయ్యలు, అక్కయ్యలు ఈ సమాధానం చదువుతుంటే, ఎస్‌క్యూఈకి పీజీడీఎల్ తప్పనిసరి కాదు గానీ, లా పునాది లేకుండా 360 ప్రశ్నలకు కూర్చోవడం ఈత రాకుండా గోదావరిలో దిగడమే.

యూకే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఎవరికి మంచిదో కూడా చెప్పాలి కదా. తల్లిదండ్రులు అక్కడ స్థిరపడి, స్థిరనివాస హక్కు ఉన్న తెలుగు పిల్లలకు కచ్చితంగా మంచిది. వాళ్లకు వీసా గడియారం లేదు, అనుభవం తీరిగ్గా సంపాదించుకోవచ్చు, డిగ్రీ అవసరం లేకుండా పనిచేస్తూ అర్హత పొందే సొలిసిటర్ అప్రెంటిస్‌షిప్ కూడా వాళ్లకు దొరకొచ్చు. బ్రిటిష్ పౌరసత్వం తీసేసుకున్న పిల్లలు ఇక్కడికొచ్చి లా చేద్దామనుకుంటే మాత్రం ఆగి ఆలోచించాలి. న్యాయవాదుల చట్టం 24వ సెక్షన్ ఎన్‌రోల్‌మెంట్‌కు మొదట అడిగేది భారత పౌరసత్వం. అలాగే అగ్రశ్రేణి యూనివర్సిటీలో సీటు, మంచి స్కాలర్‌షిప్ రెండూ వస్తే మీరు కూడా వెళ్లండి, అక్కడి క్యాంపస్‌లకు పెద్ద ఫర్మ్‌లే వస్తాయి. రెండూ లేకుండా, ఏడాదికి 15 వేల పౌండ్లకు పైగా ఫీజు, వీసాకు ఏటా 776 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జ్ (అక్కడి ప్రభుత్వ వైద్యానికి కట్టే రుసుము), ఆపైన అద్దె, తిండి అన్నీ అప్పు తెచ్చి, ఫర్మ్‌లు పట్టించుకోని యూనివర్సిటీలో చదవడం నాకు నచ్చదు.

కన్సల్టెన్సీకి వెళ్తే ఈ మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాసివ్వమనండి. ఈ కోర్సులో ఏడు పునాది సబ్జెక్టులూ తప్పనిసరా, ఐచ్ఛికమా? ప్లేస్‌మెంట్ యూనివర్సిటీ ఇప్పిస్తుందా, నేనే వెతుక్కోవాలా? ఇది అయ్యాక భారత్‌లో ఎన్‌రోల్ కావాలంటే ఇంకా ఏమేం చేయాలి? మూడో ప్రశ్నకు ‘ఏమీ అక్కర్లేదు సార్’ అని జవాబొస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మీకు ఇప్పుడు అన్నిటికన్నా దగ్గర్లో ఉన్న గడువు క్లాట్ దరఖాస్తుది, ముందు అది చూసుకోండి.